ఉత్తరం ఎక్కడ ఆగింది? – ఒక సాంకేతిక పత్రంపై విమర్శ

పోస్ట్‌ఫిక్స్ అనే ఈమెయిలు సర్వరు ప్రోగ్రాముతోపాటు ఉచితంగా లభించే పత్రాలలో "పోస్ట్‌ఫిక్స్ బాటిల్‌నెక్ అనాలిసిస్" అనేది ఒకటి. పంపిన ఉత్తరాలు సకాలంలో చేరకపోతే అవి ఎక్కడ చిక్కుకున్నవో కనిపెట్టే పద్ధతిని చెప్పుట దీని పని. కావ్యాలకు, నాటకాలకు విమర్శ ఉన్నట్లు ఇట్టి పత్రాలకు ఎవరూ విమర్శ వ్రాయరు. చదివేవారు అవసరం పడినప్పుడు తెరచి, అవసరం తీరగానే మూసివేస్తారు. కాని అర్ధరాత్రి సర్వరు ముందు కూర్చొని తల పట్టుకున్న మనిషికి ఏ కావ్యమూ చేయలేని మేలో, కీడో ఈ పత్రం చేయగలదు. అందుచేత దీని గుణదోషాలను కొంత ఓపికగా పరిశీలించవలసి ఉన్నది.

ఈమెయిలు అనగానే గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి మహాసంస్థలే చాలామందికి గుర్తుకు వస్తాయి. అయినా విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, చిన్న వ్యాపార సంస్థలు, ఒక్కొక్కప్పుడు ఒంటరి వ్యక్తులు కూడా సొంత యంత్రం మీద సొంత సర్వరును నడుపుకుంటూనే ఉన్నారు. అట్టి చోట ఉత్తరం ఆలస్యమైతే దాని ఫలితం సామాన్యమైనది కాదు. పది నిమిషాలలో కాలం చెల్లిపోయే రహస్యసంఖ్య పదిహేడు నిమిషాలకు చేరితే అది చేరనట్లే లెక్క. రోగి పరీక్షల నివేదిక సాయంత్రానికి రావలసినది మరునాటి ఉదయం వస్తే వైద్యుడు దాన్ని చూసే సమయం దాటిపోవచ్చును. ఉత్తరం పంపినవాడి తెర మీద "పంపబడినది" అని కనబడుతుంది. అందుకోవలసినవాడి తెర మీద ఏమీ కనబడదు. మధ్యలో అది ఎవరి అధీనంలో ఉన్నదో ఇద్దరికీ తెలియదు. పోస్ట్‌ఫిక్స్‌లో ఆలస్యాన్ని గురించి పంపినవాడికి హెచ్చరిక పంపే ఏర్పాటు ఉన్నది గాని, అది మొదట మూసివేసి ఉంటుంది. నిర్వాహకుడు తెరిస్తే తప్ప, ఉత్తరం ఐదు రోజులు వరుసలో పడి ఉన్నా పంపినవాడికి కబురు అందదు. అంతకు పూర్వపు సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాము నాలుగు గంటలు దాటగానే హెచ్చరిక పంపుతుంది. ఈ ఒక్క విషయంలో పాతదే మర్యాద తెలిసినది.

ఆలస్యం ఎందువల్ల కలుగుతుందో తెలియాలంటే ఉత్తరం ప్రయాణించే తీరు కొంచెం తెలియవలెను. 1982లో జాన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆర్.ఎఫ్.సి. 821 అనే పత్రంలో ఉత్తరాలను ఒక యంత్రం మరొక యంత్రానికి అప్పగించే మర్యాదను నిర్దేశించాడు. దానినే ఎస్.ఎం.టి.పి. అంటారు. పంపే యంత్రం ఒక్కొక్క మాట చెబుతుంది. తీసుకునే యంత్రం మూడంకెల సంఖ్యతో బదులు చెబుతుంది. ఆ సంఖ్య రెండుతో మొదలైతే సరే అని అర్థం. ఐదుతో మొదలైతే తీసుకోను, తిరిగి రావద్దు అని అర్థం. నాలుగుతో మొదలైతే ఇప్పుడు వీలు లేదు, తరువాత రమ్మని అర్థం. పంపే యంత్రం అట్టి ఉత్తరాన్ని పారవేయరాదు, దాచిపెట్టుకొని మళ్ళీ ప్రయత్నించవలెను. ఎస్.ఎం.టి.పి.కి గల గొప్ప బలం ఇదే. 1980ల నాటి తెగిపోతూ అతుక్కుంటూ ఉండే తంతుల మీద ఉత్తరాలు పోకుండా చేరినవంటే ఈ ఏర్పాటు వల్లనే. ఆలస్యమన్నదానికి పుట్టినిల్లు కూడా ఇదే.

పోస్ట్‌ఫిక్స్‌ను వీట్సె వెనెమా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఐ.బి.ఎం. సంస్థ పరిశోధనాలయంలో ఉండగా నిర్మించాడు. 1998 చివర అది లోకానికి వెలువడింది. అది ఉత్తరాలను అయిదు స్థలాలలో ఉంచుతుంది. ఆ యంత్రం మీదనే వ్రాసిన ఉత్తరాలు వేసే తపాలా పెట్టె ఒకటి. కొత్తగా వచ్చినవి ఉండే చోటు ఒకటి. ఇప్పుడే పంపబడుతున్నవి, అనగా నడుస్తున్న వరుస ఒకటి. ఒకసారి ప్రయత్నించి విఫలమైనవి ఉండే వాయిదా వరుస ఒకటి. నిర్వాహకుడు కావాలని నిలిపివేసినవి ఉండే చోటు ఒకటి. ఉత్తరం ఆలస్యమైనదన్న ఫిర్యాదు రాగానే అనుభవం లేనివాడు తంతులను, యంత్రం వేగాన్ని, జ్ఞాపకశక్తి పరిమాణాన్ని అనుమానిస్తాడు. పై పత్రం అట్లు చేయనివ్వదు. ఉత్తరాలు ఈ అయిదింటిలో ఎక్కడ పేరుకున్నవి అని మొదట అడుగుతుంది. ఎందుకు అనే ప్రశ్నను ఎక్కడ అనే ప్రశ్నకు తరువాత ఉంచుటలోనే దీని విశేషమంతా ఉన్నది.

అందుకు సాధనం క్యూషేప్ అనే చిన్న ప్రోగ్రాము. 2004లో వెలువడిన పోస్ట్‌ఫిక్స్ 2.1 కూర్పు మొదలుకొని ఇది జతగా వస్తున్నది. మోర్గన్ స్టాన్లీ అనే ఆర్థిక సంస్థలో పనిచేస్తూ విక్టర్ దుఖోవ్ని దీన్ని వ్రాశాడు. ఇది వరుసలోని ఉత్తరాలను ఒక పట్టికగా చూపుతుంది. అడ్డంగా వయస్సులు – 5 నిమిషాలు, 10, 20, 40, ఇట్లా రెట్టింపవుతూ 1280 నిమిషాల దాకా, ఆ పైన. నిలువుగా ఉత్తరాలు చేరవలసిన డొమైనులు. గళ్ళలో ఉత్తరాల సంఖ్యలు. జనాభా లెక్కలలో వయోవర్గాల పట్టికను చూసి ఊరి స్థితిని చెప్పేవారికి ఈ పట్టిక వెంటనే అర్థమవుతుంది. సంఖ్యలన్నీ ఎడమవైపు చిన్న వయస్సులలో ఉంటే ప్రవాహం బాగున్నట్లు. ఒక్క డొమైను ఎదుటనే సంఖ్యలు కుడివైపుకు జరుగుతూ ఉంటే రోగం అక్కడ ఉన్నది. అన్ని డొమైనులూ ఒకే విధంగా కుడికి జరుగుతూ ఉంటే రోగం ఇంట్లోనే ఉన్నది. పంపేవారి డొమైనుల వారీగా కూడా పట్టికను అమర్చుకోవచ్చును. కాలాన్ని రెట్టింపులుగా విభజించటం మెచ్చదగిన ఆలోచన. అయిదు నిమిషాలకు, పది నిమిషాలకు గల తేడా ముఖ్యమైనది. ఇరవై గంటలకు, ఇరవై గంటల అయిదు నిమిషాలకు గల తేడా ఎవరికీ అక్కరలేదు.

పత్రంలో నాలుగు ఉదాహరణలు ఉన్నవి. మొదటిది ఆరోగ్యవంతమైన వరుస. రోగలక్షణాలు చెప్పబోయే ముందు ఆరోగ్యం ఎట్లా ఉంటుందో చూపిన సాంకేతిక పత్రాలు అరుదు. అసలు వాయిదా వరుసలో ఉత్తరాలు ఉండటమే రోగం కాదు, తప్పు చిరునామాలకు వ్రాసినవి కొన్ని అక్కడ ఉంటూనే ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలియక సర్వరును పీకి పాకం పెట్టినవారు చాలామంది ఉంటారు. రెండవ ఉదాహరణలో లేని చిరునామాలకు వచ్చిన చెత్త ఉత్తరాలను మొదట స్వీకరించి, తరువాత తిప్పిపంపబోయి, ఆ తిరుగుటపాలతోనే వరుస నిండిపోయిన వైనం ఉన్నది. మూడవది నడుస్తున్న వరుస కిక్కిరిసిన సందర్భం. నాలుగవది చాలా ఉత్తరాలు పోయే ఒక్క గమ్యం మొరాయించిన సందర్భం. అట్టి గమ్యానికి వేరే బాట ఏర్పరచి, మిగిలిన ఉత్తరాలకు అది అడ్డు పడకుండా చేయవలెనన్న సలహా ఎంతో విలువైనది.

ఇంతవరకు పొగడ్త. దోషం కూడా ఈ ఉదాహరణలలోనే ఉన్నది. ఇవన్నీ పెద్ద సంస్థ గడపలో నిలబడి చూసిన దృశ్యాలు. రోజుకు లక్షల ఉత్తరాలు పంపేచోట ఆలస్యమంటే రద్దీ. ఇరవై మంది ఉద్యోగులు ఉన్నచోట ఆలస్యానికీ రద్దీకీ ఏ సంబంధమూ లేదు. వరుసలో మూడు ఉత్తరాలుంటాయి. వాటిలో ఒకటి ఇరవై నిమిషాలనుంచి కదలదు. మూడు ఉత్తరాలకు పట్టిక వేస్తే ఆకారం ఏముంటుంది? పత్రం పేరులోనే ఇరుకు అన్న భావం ఉన్నది. ఇరుకు లేనిచోట అది మూగదైపోతుంది. చిన్న సర్వరు నడిపే పాఠకుడు ఉదాహరణలలో తన రోగం కనబడక, దగ్గరగా తోచిన మూడవ ఉదాహరణకు అతుక్కొని, ఏకకాలంలో తెరిచే సంబంధాల సంఖ్యను పెంచివేస్తాడు. ఒక్కొక్క గమ్యానికి ఆ సంఖ్య మామూలుగా ఇరవైకి మించదు. దాన్ని వందకు పెంచితే అతని మూడు ఉత్తరాలు వేగంగా పోవు. ఎప్పుడైనా వార్తాలేఖ పంపిన రోజున మాత్రం, వంద సంబంధాలతో మీద పడిన ఈ అపరిచిత యంత్రాన్ని చూసి తీసుకునే సంస్థ తలుపు మూస్తుంది.

చిన్న సర్వరువాడికి అసలైన సాధనం వేరే ఉన్నది. పోస్ట్‌ఫిక్స్ ప్రతి ఉత్తరాన్ని గురించి లాగ్ పుస్తకంలో ఒక పంక్తి వ్రాస్తుంది. 2.3 కూర్పు నుంచి అందులో నాలుగు కాలాలు సెకండ్లలో, గీతలతో విడదీసి కనబడతాయి. మొదటిది ఉత్తరం వచ్చిన క్షణం నుంచి చివరిసారిగా నడుస్తున్న వరుసలో ప్రవేశించే దాకా. రెండవది అక్కడి నుంచి సంబంధం తెరవటం మొదలుపెట్టే దాకా. మూడవది సంబంధం ఏర్పడటానికి పట్టిన కాలం – చిరునామా వెదుకుట, పలకరింపు, రహస్యలిపి కుదుర్చుకొనుట ఇందులో చేరుతాయి. నాలుగవది ఉత్తరాన్ని అప్పగించిన కాలం. నాడి చూసే వైద్యుడికి వాత పిత్త కఫాలు వేర్వేరుగా తెలిసినట్లు, ఈ నాలుగు సంఖ్యలు చూసినవాడికి ఆలస్యం ఎవరిదో తెలిసిపోతుంది. రెండవ సంఖ్య పెద్దదైతే సొంత యంత్రంలోనే రద్దీ ఉన్నది. అప్పుడు దుఖోవ్ని పట్టిక వద్దకు పోవలెను. మూడవది పెద్దదైతే దారిలో చిక్కు. నాలుగవది పెద్దదైతే అవతలి యంత్రం ఉత్తరాన్ని పరిశీలిస్తూ నిదానిస్తున్నది, లేదా పెద్ద తునకలు దారిలో ఎక్కడో సడిచప్పుడు లేకుండా రాలిపోతున్నవి. చిన్న ఉత్తరాలు పోయి, బొమ్మలు జతచేసినవి మాత్రం మధ్యలో నిలిచిపోతూ ఉంటే ఈ రెండవ అనుమానం బలపడుతుంది.

ఇంత ముఖ్యమైన సంగతి ఎక్కడ వ్రాసి ఉన్నది? అమరికల పెద్ద జాబితాలో, ఈ కాలాలను దశాంశ బిందువు తరువాత ఎన్ని స్థానాలదాకా వ్రాయవలెనో నిర్ణయించే ఒక అల్పమైన అమరిక వర్ణన కింద. బాటిల్‌నెక్ పత్రం చదివేవాడు అక్కడికి పోవటానికి కారణమే లేదు. ఇంటి తాళంచెవిని పోపులపెట్టెలో దాచినట్లు ఉన్నది. పైగా ఆ మొదటి సంఖ్యలో ఒక ఉచ్చు ఉన్నది. "చివరిసారిగా ప్రవేశించే దాకా" అన్న మాటను పాఠకుడు జాగ్రత్తగా చదవవలెను. ఉత్తరాన్ని స్వీకరించేటప్పుడు సొంత యంత్రంలో జరిగే తనిఖీల ఆలస్యమూ, అవతలివాడు తరువాత రమ్మన్నందువల్ల వాయిదా వరుసలో గడిపిన కాలమూ రెండూ ఆ ఒక్క సంఖ్యలోనే కలిసిపోతాయి. మొదటి సంఖ్య 1020, మిగిలినవి 0.02, 0.9, 1.1 అని ఉన్న పంక్తిని చూసినవాడు తన యంత్రమే పదిహేడు నిమిషాలు నిద్రపోయిందని భావిస్తాడు. నిజానికి యంత్రం మెలకువగానే ఉన్నది. అవతలివాడు రెండుసార్లు పొమ్మన్నాడు. అదే ఉత్తరం పేర పైన ఉన్న పంక్తులను చూస్తే "వాయిదా" అన్న మాట, దాని పక్కనే నాలుగుతో మొదలయ్యే సంఖ్య కనబడతాయి. వివరణ తప్పు కాదు, క్లుప్తం. ఇట్టి చోట క్లుప్తత కూడా దోషమే.

మూడవ సంఖ్య విషయంలో మరొక లోపం ఉన్నది. దానిలో చేరే కాలాలకు ఒక్కొక్కదానికీ ఒక్కొక్క కొలత ఉంటుంది, ఆ కొలతను చూసి కారణాన్ని ఊహించవచ్చును. లినక్సు యంత్రంలో పేర్లను వెదికే భాగం ఒక నామసర్వరును అడిగి, బదులు రాకపోతే అయిదు సెకండ్లు ఆగి మరొకదాన్ని అడుగుతుంది. కాబట్టి అయిదు, పది, పదిహేను సెకండ్ల ఆలస్యాలు కనబడితే జాబితాలోని మొదటి నామసర్వరు చచ్చిపోయినదేమో చూడవలెను. ముప్ఫై సెకండ్లు కనబడితే అది పోస్ట్‌ఫిక్స్ ఒక చిరునామాతో సంబంధానికి ఎదురుచూసే గడువు. చాలా సందర్భాలలో దాని వెనుక ఐ.పి. ఆరవ కూర్పు ఉంటుంది. యంత్రానికి ఆ చిరునామా ఉంటుంది గాని బయటికి దారి ఉండదు. ముప్ఫై సెకండ్లు అక్కడ తలుపు తట్టి, తరువాత పాత నాలుగవ కూర్పు చిరునామాకు పోయి వెంటనే అప్పగించి వస్తుంది. ఆరు సెకండ్లు కనబడితే అవతల పోస్ట్‌ఫిక్స్ వారి కాపలాదారు ఉండవచ్చును. తొందరపడి ముందే మాట్లాడే చెత్త యంత్రాలను పట్టుకోవటానికి అది పలకరింపును కావాలని ఆరు సెకండ్లు ఆలస్యం చేస్తుంది. ఇవి అంతుబట్టని రహస్యాలు కావు. ఒక చిన్న పట్టికలో ఇమిడేవి. ఆ పట్టికను పత్రకర్తలు వేయలేదు.

ఇక అసలు చిక్కు వాయిదాల లెక్కలో ఉన్నది. 2008లో జాన్ క్లెన్సిన్ సంపాదకత్వాన వెలువడిన ఆర్.ఎఫ్.సి. 5321 ప్రకారం మళ్ళీ ప్రయత్నించేముందు కనీసం ముప్ఫై నిమిషాలు ఆగుట మంచిది. నాలుగైదు రోజుల దాకా ఆశ వదలరాదు. మొదటి గంటలో రెండు ప్రయత్నాలు, ఆ తరువాత రెండు మూడు గంటలకు ఒకటి చాలునని కూడా అది అంటుంది. ఎందుకంటే, ఆ పత్రం దృష్టిలో విఫలతకు కారణం సాధారణంగా అవతలి యంత్రం కూలిపోవటమో, తంతి తెగిపోవటమో. 1982కు ఇది అక్షరాలా నిజం. 2003లో ఇవాన్ హారిస్ గ్రేలిస్టింగ్ అనే ఉపాయాన్ని ప్రతిపాదించిన తరువాత కథ మారింది. ఎరుగని యంత్రం ఎరుగని మనిషి పేర ఉత్తరం తెస్తే, యంత్రం బాగానే ఉన్నా, తంతి బాగానే ఉన్నా, ఇప్పుడు వీలు లేదని అబద్ధం చెప్పి పంపివేయుట ఆ ఉపాయం. చెత్త పంపేవాడు తిరిగి రాడు, మర్యాదస్థుడు వస్తాడు అని దాని ధీమా. ఆర్.ఎఫ్.సి. 5321 వచ్చేనాటికి ఈ పద్ధతి అయిదేళ్ళుగా వాడుకలో ఉన్నది. అయినా ముప్ఫై నిమిషాల సలహా అట్లాగే ఉండిపోయింది. కారణం తెలిసినచోట పంపేవారు వేరే తెలివైన పద్ధతులు అవలంబించవచ్చునని ఒక వాక్యం మాత్రం ఉన్నది. ఆ తెలివి ఏమిటో చెప్పలేదు.

పోస్ట్‌ఫిక్స్ ఈ సలహాను పక్కకు పెట్టి అయిదు నిమిషాలకే మళ్ళీ తలుపు తడుతుంది. విమర్శకులు కొందరు దీన్ని తొందరపాటు అనవచ్చును గాని, ఒక్క ఉత్తరాన్ని వెంబడించి చూస్తే దాని సబబు తెలుస్తుంది. ఉత్తరం 10 గంటలకు వచ్చినదనుకొందురు గాక. వెంటనే ప్రయత్నిస్తే అవతలివాడు, పదిహేను నిమిషాల గ్రేలిస్టింగ్ పాటించేవాడు, తరువాత రమ్మన్నాడు. 10.05 వరకు దాన్ని కదిలించరు. వాయిదా వరుసను అయిదు నిమిషాలకొకసారి మాత్రమే చూస్తారు. ఆ చూపు 10.02కు, 10.07కు, 10.12కు పడుతున్నదనుకొంటే, రెండవ ప్రయత్నం 10.07కు. మళ్ళీ తిరస్కారం. ఇప్పుడు ఉత్తరం వయస్సు ఏడు నిమిషాలు గనుక ఇంకొక ఏడు నిమిషాలు ఆగవలెను. 10.14కు గడువు తీరినా చూపు పడేది 10.17కు. అప్పుడు తీసుకున్నారు. పదిహేను నిమిషాల నిరీక్షణకు పదిహేడు. ముప్ఫై నిమిషాల సలహాను పాటించి ఉంటే 10.30 అయ్యేది. వయస్సుతోపాటు విరామం పెరుగుతూ పోయి 4000 సెకండ్ల వద్ద, అనగా గంటకు కొంచెం పైన ఆగుతుంది. ఉత్తరం ముసలిదైన కొద్దీ ఓపిక పెరుగుతుందన్నమాట. డేనియల్ బెర్న్‌స్టీన్ వ్రాసిన క్యూమెయిల్‌లో ఈ విరామాలు వర్గసంఖ్యల ప్రకారం పెరుగుతాయి, గణితజ్ఞుడి ముద్ర.

ఈ లెక్క తెలియని నిర్వాహకుడు చేసే మొదటి పని, వరుసనంతా ఒక్క ఆజ్ఞతో తోసివేయటం. రెండవ పని, ఆ ఆజ్ఞను నిమిషానికొకసారి దానంతటదే జరిగేటట్లు అమర్చటం. పోస్ట్‌ఫిక్స్ ఈ ఆజ్ఞ వర్ణనలోనే హెచ్చరిక చేసింది: చేరని ఉత్తరాలను అస్తమానం తోస్తే చేరగలిగిన ఉత్తరాలు కూడా ఆలస్యమవుతాయి. హెచ్చరిక సరియైనదే. దాని పక్కన పై లెక్క ఉండి ఉంటే హెచ్చరిక అవసరమే ఉండేది కాదు.

పత్రానికి గల పెద్ద వెలితి దాని వయస్సు వల్ల వచ్చినది. అందులో వర్ణించబడిన సాధనం 2.4 కూర్పునాటిది. ఆనాటికి ఉత్తరాలు తీసుకునేవారు ఎందరో. ఇప్పుడు అధికభాగం కొద్ది సంస్థల చేతిలో ఉన్నది. వారి యంత్రాలు కూలిపోవు, వారి తంతులు తెగవు. వారు తరువాత రమ్మన్నారంటే ఈ పంపేవాడి మీద నమ్మకం కుదరలేదని అర్థం. వివరణ సంకేతాలలో 4.4.1 అంటే అవతలి యంత్రం పలకలేదని, 4.7తో మొదలైనది అంటే కట్టుబాటు వల్ల ఆపినారని. మొదటిది ఇంజనీరు సమస్య. రెండవది పరపతి సమస్య. రెండింటికీ వరుసలోని ఆకారం ఒక్కటే కావచ్చును, మందు మాత్రం వేరు. 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ సంస్థలు పంపేవారందరికీ నిబంధనలు విధించినవి. జీమెయిలు చిరునామాలకు రోజుకు 5000 ఉత్తరాలకు మించి పంపేవారు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డి.మార్క్ అనే మూడు గుర్తింపులూ చూపవలెను. చెత్త అన్న ఫిర్యాదులు నూటికి 0.3కు చేరకూడదు. అంతకన్న తక్కువ పంపే చిన్నవారు కూడా సర్వరు అంకెల చిరునామాకు పేరు, పేరుకు ఆ అంకెలు సరిపోయేటట్లు నమోదు చేసుకోవలెను; మొదటి రెండు గుర్తింపులలో ఒకటైనా ఉండవలెను. సొంత సర్వరు నడిపే చిన్న ఆసుపత్రికి ఇవన్నీ కుదుర్చుకున్న తరువాత కూడా, రోజుకు పది ఉత్తరాలు మాత్రమే పంపుతున్నందువల్ల పరపతి ఏర్పడటానికి ఆధారమే చాలకపోవచ్చును. పెద్దవారి ఇంటిముందు చిన్నవాడు చేతులు కట్టుకొని నిలబడినట్లు ఉన్న ఈ స్థితిని ఏ అమరికా మార్చలేదు. ఆ సంగతి ఆలస్యాలను గురించి చెప్పే పత్రం మొదటి పుటలోనే చెప్పి ఉంటే, ఎందరో తమ తప్పు కాని దానికోసం తమ యంత్రాన్ని విప్పదీయటం మానేవారు.

పోలిక కోసం మరొక రచనను చూడవచ్చును. 2002లో ట్రే హారిస్ అనే నిర్వాహకుడు, 1990ల నడుమ నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ఉదంతాన్ని వ్రాశాడు. అయిదువందల మైళ్ళకు మించిన దూరానికి ఉత్తరాలు పోవటం లేదని గణాంకశాఖ అధ్యక్షుడు ఫిర్యాదు చేస్తాడు. అసంభవమనుకున్న ఫిర్యాదు నిజమవుతుంది. కారణమేమంటే, సెండ్‌మెయిల్ ఎనిమిదవ కూర్పుకు వ్రాసిన అమరికలను ఐదవ కూర్పు చదివి, అర్థంకాని గడువును సున్నగా తీసుకున్నది. ఆ యంత్రం మీద సున్న అంటే మూడు మిల్లీసెకండ్లకు కొంచెం పైన. అంతలో కాంతి 558 మైళ్ళు పోతుంది. ఈ కథ నిర్వాహకుల లోకంలో పురాణమైపోయింది. వినోదం కోసం కొన్ని వివరాలు మార్చినట్లు రచయితే చెప్పాడు. లెక్క కూడా కొంత కుంటిదే. సంబంధం కుదరాలంటే సంకేతం పోవటమే కాదు, రావటం కూడా జరగవలెను. అప్పుడు దూరం సగానికి, 279 మైళ్ళకు తగ్గుతుంది. గాజుతంతిలో కాంతివేగం శూన్యంలోకన్న తక్కువ గనుక ఇంకా తగ్గుతుంది. అయినా ఒక గుణం మాత్రం దుఖోవ్ని పత్రంలో లేనిది ఇందులో ఉన్నది: ఫిర్యాదు చేసినవాడి మాటకు విలువ. ఆ అధ్యక్షుడు ఊరికే గొణగలేదు, ఏ ఊరికి పోయినవో ఏ ఊరికి పోలేదో లెక్క తెచ్చాడు. బాటిల్‌నెక్ పత్రంలో ఉత్తరాలున్నవి, డొమైనులున్నవి, నిమిషాలున్నవి. ఎదురుచూసే మనిషి ఎక్కడా లేడు. ఎవరి ఉత్తరం, ఏ వేళకు పంపినది, ఎవరికి అన్న మూడు ప్రశ్నలు అడిగితే లాగ్ పుస్తకంలో వెదకవలసిన పంక్తి దొరుకుతుంది. వేల పంక్తుల నడుమ అంతకన్న దగ్గరి దారి లేదు.

తెలుగు పాఠకుల సందేహం ఒకటి ఇక్కడే తీర్చవచ్చును. తెలుగు లిపిలో వ్రాసిన ఉత్తరం ఆలస్యమవుతుందా అన్నది ఆ సందేహం. యూనికోడు వాడుక రూపంలో తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి; ప్రయాణానికి మూట కట్టేటప్పుడు మూడు నాలుగవుతాయి. రెండువేల సంకేతాల ఉత్తరం ఎనిమిదివేల బైట్లకు చేరుతుంది. ఒక చిన్న ఛాయాచిత్రం ముందు ఇది లెక్కలోనిది కాదు. చిరునామాయే తెలుగు లిపిలో ఉంటే సంగతి వేరు. అందుకు 2012లో ప్రకటించిన ఎస్.ఎం.టి.పి. యు.టి.ఎఫ్.8 అనే పొడిగింపు రెండు వైపులా ఉండవలెను. పోస్ట్‌ఫిక్స్‌లో అది 2015 నాటి 3.0 కూర్పుతో వచ్చింది. అవతల లేకపోతే ఉత్తరం ఆలస్యం కాదు, తిరిగి వస్తుంది.

ఈ పత్రాన్ని తెలుగులోకి తేదలచినవారికి పదాల ఇబ్బంది అంతగా ఉండదు. వాయిదా, వరుస, తిరుగుటపా, గడువు అన్నీ వాడుకలో ఉన్నవే. కచేరీలకు, తపాలాకు అలవాటుపడిన మాటలే. రోగకారణాన్ని కనిపెట్టుటకు వైద్యులు వాడే నిదానం అన్న మాటకు వాడుకలో మెల్లదనం అన్న అర్థం కూడా ఉన్నది గనుక, శీర్షిక కోసం ఎక్కువ దూరం పోనక్కరలేదు. మార్చవలసినది వరుసక్రమం. నాలుగు కాలాల పంక్తి మొదటి పుటకు రావలెను. దాని కింద 10 గంటలకు బయలుదేరి 10.17కు చేరిన ఉత్తరం, 1020 అన్న సంఖ్యతో సహా. తరువాత అయిదు, ఆరు, ముప్ఫై సెకండ్ల చిన్న పట్టిక. దుఖోవ్ని వయస్సుల పట్టిక, దాని నాలుగు ఉదాహరణలు ఆ తరువాతి పుటలలో ఉంటే చాలును. రోజుకు లక్ష ఉత్తరాలు పంపేవారు అంతదూరం చదవగలరు.